పాలగుండ గోళెం కోసం ఫిలింనగర్ దాకా

మోతీనగర్ నుంచి ఫిలింనగర్‌కి వెళ్లొచ్చి దానికి యాత్ర అని పేరు పెట్టడం కొంచెం ఎక్కువేనని నాకూ తెలుసు. మా వీధి కుర్రాళ్లు బండి మీద అరగంటలో వెళ్లి, బిర్యానీ తిని వచ్చేస్తారు. నేను మాత్రం ఉదయం బయలుదేరి దీపాలు వెలిగే వేళకి ఇల్లు చేరాను. బళ్లో ముప్పై ఏళ్లకు పైగా భూగోళం చెప్పినదాన్ని. నైలు నది ఎక్కడ పుట్టి ఎక్కడ కలుస్తుందో కర్ర పెట్టి చూపించేదాన్ని. సొంత కళ్లతో చూసిన భూగోళం మాత్రం సికింద్రాబాద్ స్టేషను, రాజమండ్రి స్టేషను, ఆ రెండింటి మధ్య రైలు కిటికీ. పైగా మోకాళ్లు రెండూ నా మాట వినడం మానేసి చాలా కాలమైంది. నా కొలతల్లో ఇది పెద్ద ప్రయాణమే.

బయలుదేరడానికి కారణం పాలగుండ. ఎండాకాలం షర్బత్‌లో వేసుకునే, కడుపు బాగోలేనివాళ్లకి జావ కాచి పోసే ఆ తెల్లపిండి అందరికీ తెలుసు. దాని మొక్కని చూసినవాళ్లు తక్కువ. పసుపు, అల్లం కుటుంబంలోది, ఏజెన్సీ కొండల్లో దానంతటదే పెరుగుతుంది. దాని గడ్డలు తవ్వి, రుబ్బి, నీళ్లలో కలిపి వడకట్టి, అడుగున పేరుకున్న పిండి ఆరబెడితే అదే పాలగుండ. మా ఆయన గ్రామీణ బ్యాంకు ఉద్యోగంలో రంపచోడవరంలో ఉన్నప్పుడు సంతలో ఒక కొండరెడ్డి ముసలమ్మ ఆయనకి నాలుగు గడ్డలిచ్చి, తవ్విన చోట ఒక గడ్డ తిరిగి పెట్టాలని మాట తీసుకుందట. ఆయన ఆదివారం చర్చి ఎగ్గొట్టినా ఎగ్గొట్టేవారు గానీ ఆ మాట తప్పలేదు. ఆ నాలుగు గడ్డల సంతతే బదిలీలన్నీ తిరిగి, మోతీనగర్‌లో మా మేడ మీద, అంచు పగిలి తీగ చుట్టిన ఒక పాత మట్టి గోళెంలో స్థిరపడింది.

మా ఇంట్లో పని పంపకం ఇలా ఉండేది. మేడ మీదది ఆయన శాఖ, వంటిల్లు నాది. ఏటా చలికాలం చివర ఆయన గడ్డలు తవ్వి, కడిగి, బేసిన్‌లో వేసి కిందికి తెచ్చేవారు. నేను రుబ్బేదాన్ని. ఆ మొక్కతో నా పరిచయం బేసిన్‌లో మొదలై గ్లాసులో ముగిసేది. అయినా ఎవరైనా అడిగితే, అబ్బో, పాలగుండ గురించి నన్నడగండి అనేదాన్ని.

కిందటి వానాకాలంలో మా మేడ గదిలో స్వప్న అని ఒక అమ్మాయి అద్దెకుండేది. కరీంనగర్ వైపు పిల్ల, సినిమాల్లో ఆర్ట్ డిపార్ట్‌మెంటులో పని. ఒకరోజు కిందికి వచ్చి, "ఆంటీ, మీ గోళెంల మొక్క మస్తుగుంది. మా సెట్టుకి జర ఇస్తరా? అడవిల గెస్ట్‌హౌసు, వరండా మెట్టు మీద పెడ్తం. హీరో పక్కనే," అంది. ఇవ్వాలా వద్దా అని మేమిద్దరం ఆలోచించినట్టు నటించాం. ఆయనైతే ఆకుల్ని తడిగుడ్డతో తుడిచి మరీ పంపారు. నేను చర్చిలో స్త్రీల సమాజంలో లేచి నిలబడి, మా మొక్క సినిమాలో వేస్తోందని చెప్పాను. పొలం అమ్మి హీరోగా ప్రయత్నించినవాళ్లు కృష్ణానగర్‌లో కోకొల్లలు ఉండగా, మా మొక్కకి పిలిచి వేషమిచ్చారన్న గర్వం నా నడకలో కూడా కనిపించి ఉంటుంది. మోకాళ్ల నొప్పి వల్ల ఎవరూ గుర్తుపట్టలేదు.

క్రిస్మస్ తర్వాత ఆయనకి కడుపు ఆపరేషనైంది. ఇంటికొచ్చారు గానీ ఏం పెట్టినా నిలవడం లేదు. గంజి, బార్లీ, డబ్బాల్లో పొడులు, అన్నీ అయ్యాయి. దుకాణంలో పాలగుండ కొని జావ కాస్తే, అందులో ఏ పిండి కలిపారో గాని, రెండు చెంచాలకే వాంతి. మనిషి చొక్కాలో వెతుక్కోవాల్సినంత చిక్కిపోయారు. ఈ వారం కూడా ఇలాగే ఉంటే మళ్లీ చేర్చుకుని సెలైన్ పెట్టాల్సిందేనన్నాడు డాక్టరు. ఆ మాట విన్నాక నాకు నిద్ర లేదు. ఆయన మాత్రం నెమ్మదిగా, "సుగుణా, మన గోళెం తెప్పించవే. మన గడ్డలైతే నా కడుపు వింటుంది," అన్నారు.

దీపావళికే స్వప్న మా గది ఖాళీ చేసి కృష్ణానగర్ వెళ్లిపోయింది. ఫోన్ చేస్తే, గోళెం ఫిలింనగర్ గోడౌన్‌లో ఉందనీ, నేను వస్తే తీసుకెళ్తాననీ నసుగుతూ చెప్పింది. ఆ నసుగుడికి అర్థం అప్పుడు నాకు తట్టలేదు. కింది వాటా సరోజగారిని ఆయన దగ్గర కూర్చోబెట్టి, ఒక గుడ్డ సంచీ, నీళ్ల సీసా పట్టుకుని ఎనిమిదింటికి బయలుదేరాను.

ఎర్రగడ్డ మెట్రో స్టేషన్ దాకా ఆటో. అక్కడ కదిలే మెట్లున్నాయి గానీ, కాలు పెట్టే ధైర్యం లేనివాళ్లకి లిఫ్టు కూడా ఉంది. టికెట్టు ఫోన్‌లో తీసుకోవచ్చంటారు, నేను కిటికీ దగ్గరే తీసుకున్నాను. అమీర్‌పేటలో దిగి రైలు మారాలి. వెళ్లేవారు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే నేను లేను. పడమటికి వెళ్లాల్సినదాన్ని తూర్పు రైలెక్కి, కిటికీ పక్కన సీటు దొరికిందని సంతోషపడ్డాను. పక్కన కూర్చున్న అమ్మాయి, మేకప్ పెట్టె ఒళ్లో పెట్టుకుని ఉంది, యూసుఫ్‌గూడ ఎన్నో స్టేషనని నేనడిగితే, "యూసుఫ్‌గూడకా? ఆంటీ, మనం ఎదురు వెళ్తున్నాం," అంది. దిక్కుల పాఠం చెప్పడంలో నాకు మంచి పేరుండేది.

ఆ అమ్మాయి బేగంపేటలో నాతో పాటు దిగి, అవతలి ప్లాట్‌ఫారం చూపించింది. నన్ను ఎగాదిగా చూసి, "మీరు క్యారెక్టర్ ఆర్టిస్టాండీ?" అనడిగింది. ఆ ఒక్క ప్రశ్నకి నా వయసు పదేళ్లు తగ్గింది. కాదంటూనే పైట సర్దుకున్నాను. "ప్రయత్నించండి ఆంటీ. ఆస్పత్రి సీన్లకి మీలాంటి ఫేసులే అడుగుతున్నారు," అంది. తగ్గిన పదేళ్లూ అక్కడే వెనక్కి వచ్చాయి.

యూసుఫ్‌గూడలో దిగి కృష్ణానగర్ సందుల్లోకి వెళ్లేసరికి తొమ్మిదిన్నర దాటింది. ఇరుకు సందులు, ఇరుకు మెట్లు, ప్రతి గుమ్మం ముందూ బండ్లు. స్వప్న ఒక ఇడ్లీ బండి దగ్గర నిలబడి ఉంది. నన్ను చూడగానే ప్లేటు పెట్టించింది. ఇడ్లీ వేడిగా ఉంది, అల్లం చట్నీ బాగుంది, ఈ సంగతి వెళ్లేవారి కోసం రాస్తున్నాను. స్వప్న మాత్రం ఇడ్లీని తుంచుతోందే గాని తినడం లేదు.

"అంకుల్ ఎట్లున్నరు ఆంటీ?"

"ఏం చెప్పను స్వప్నా. ఆ గోళెం మీదే ప్రాణం పెట్టుకున్నారు."

ఆ అమ్మాయి తుంచిన ఇడ్లీ ప్లేటు పక్కన పెట్టేసింది. తర్వాత ఆటో పిలిచింది.

ఆటో జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దాటి గుట్టలెక్కడం మొదలుపెట్టింది. ఇక్కడి రోడ్లకి పేర్లు లేవు, నంబర్లున్నాయి. ఒక నంబరు తర్వాత దాని పక్క నంబరు వస్తుందేమోనని పాత టీచరు బుద్ధి కొద్దీ ఎదురుచూశాను. రాలేదు. గోడలు మాత్రం వచ్చాయి, ఒకదాని కంటే ఒకటి ఎత్తుగా. వాటి మీంచి కాగితం పూలు రోడ్డు మీదికి వంగి ఉన్నాయి. లోపల ఏముందో ఆ పూలకే తెలియాలి.

డ్రైవరు అద్దంలోంచి చూసి, "ఏ హీరో ఇల్లు చూడనీకొచ్చిండ్రు అమ్మా?" అన్నాడు.

"హీరో కాదు బాబూ, మోతీనగర్ నుంచి మా గోళెం కోసం వచ్చాను."

"గోళెమా! గోళెం కోసం గింత దూరమా? మోతీనగర్ల దొరకయా?"

స్వప్న బయటికి చూస్తూ కూర్చుంది. నాకు మాత్రం ఉత్సాహంగా ఉంది. తిరుగు ప్రయాణానికి ట్రాలీ ఆటో మాట్లాడాలనీ, గోళెం చుట్టూ గోనె కట్టాలనీ పథకాలు వేసుకున్నాను.

గోడౌన్ ఫిలింనగర్‌లో ఒక వాలు సందులో ఉంది. పైకి చూస్తే మామూలు రేకుల షెడ్డు. లోపల మాత్రం రాజుల సింహాసనాలు, జైలు తలుపులు, కోర్టు బోను, ఆస్పత్రి మంచం, అన్నీ దుమ్ము కొట్టుకుని పక్కపక్కనే ఉన్నాయి. వాలు ఎక్కిన ఆయాసంతో నేను దగ్గర్లో ఉన్న సింహాసనం మీద కూలబడ్డాను. "అయ్యో ఆంటీ, అది థర్మాకోల్‌ది!" అని స్వప్న అరిచేలోపే కింద ఏదో పటపటమంది. నా పరిపాలన అంతటితో ముగిసింది.

లేచి చూసేసరికి, వెనక గోడ దగ్గర కుండీల గుంపులో, మా గోళెం. పగిలిన అంచు, చుట్టిన తీగ, అన్నీ మావే. దాని నిండా పాలగుండ ఆకులు, నిలువునా, పచ్చగా, నిగనిగలాడుతూ. నాకు ఏడుపొచ్చేసింది. "చూశావా స్వప్నా, మా చెయ్యి పడకపోయినా ఎంత ఏపుగా ఉందో!" అంటూ గబగబా వెళ్లి, ఆకుల మీద దుమ్ము పైటతో తుడిచాను. ఎన్నాళ్లు దాహంతో ఉందో పాపం అని నా సీసాలో నీళ్లన్నీ మొదట్లో పోశాను. దానితో కాసేపు మాట్లాడాను కూడా. ఇంటికెళ్దాం, ఆయన ఎదురుచూస్తున్నారని చెప్పాను.

"ఆంటీ..." అంది స్వప్న.

ఇంతలో ఒక కుర్రాయన ఫోన్ చేత్తో పట్టుకుని వచ్చాడు. పేరు కార్తీక్, ఆ సినిమాకి అసిస్టెంట్ డైరెక్టరు, భీమవరం వైపు. "నమస్తే అమ్మా. గోళెం ఇవ్వలేమండీ. అది కంటిన్యుటీలో ఉందండీ," అన్నాడు.

కంటిన్యుటీ అంటే ఏమిటో నాకు ఓపిగ్గా చెప్పాడు. ఒక సీను సగం వానాకాలంలో తీసి, మిగతా సగం ఎండాకాలంలో తీసినా, హీరో చొక్కా గుండీ దగ్గర్నుంచి మెట్టు మీది గోళెం పెంకు దాకా అన్నీ అలాగే ఉండాలట. ఫోన్‌లో ఫొటో చూపించాడు. హీరో ఎడమ పక్కన మా గోళెం, పగిలిన అంచుతో సహా. ఇంకా రెండు షాట్లు మిగిలాయట. ఎప్పుడు తీస్తారంటే, హీరోగారి డేట్లు దొరికినప్పుడు.

"బాబూ, మా ఆయన కడుపుకి డేట్లు లేవు. ఈ వారమే," అన్నాను. ఆపరేషన్ సంగతి, వాంతుల సంగతి, డాక్టరు మాట, అన్నీ చెప్పాను. "ఆకులు కూడా నాకొద్దు. అడుగున గడ్డలు తీసుకుంటాను, అంతే."

కార్తీక్ ముఖం ఒక్కసారి వెలిగింది. "ఆకులు ఉంచితే చాలండీ! మాకు కావలసింది ఆకులే కదా. పీకేసి మళ్లీ గుచ్చేద్దాం," అంటూ ఒక ఆకుని పట్టుకుని లాగాడు. అది సులువుగా పైకొచ్చింది. దాని చివర వేరు లేదు. ఇనుప తీగ ఉంది.

నేను పైటతో తుడిచినవి, నీళ్లు పోసినవి, కబుర్లు చెప్పినవి, అన్నీ ప్లాస్టిక్ ఆకులు.

"నేనే గుచ్చిన ఆంటీ," అంది స్వప్న, తల ఎత్తకుండా. "డిసెంబర్ల షూటింగ్ అంటే చూస్తే మీ ఆకులన్నీ పసుపు పచ్చగయ్యి ఎండిపోయినయ్. నీళ్లు పోసిన, ఎరువేసిన, లేవలే. సచ్చిపోయింది ఆంటీ. మీకు చెప్పనీకి భయమైంది."

నాకు కోపం రాలేదు. కోపానికి కూడా ఓపిక కావాలి. అక్కడే ఉన్న ఆస్పత్రి మంచం మీద కూర్చున్నాను. మెట్రోలో ఆ అమ్మాయి చెప్పిన వేషం నాకు ఇంత త్వరగా వస్తుందనుకోలేదు. ఇంట్లో ఆయన కిటికీలోంచి వీధి చూస్తూ ఉంటారు. ఇంటికెళ్లి ఏం చెప్పను? చెప్పాల్సిందేదో ఇక్కణ్నుంచే చెబుదామని ఫోన్ చేశాను.

"ఏవండీ, మన మొక్క పోయిందండీ," అన్నాను. "ఆకులన్నీ ఎండిపోయాయట. డిసెంబర్లోనే."

అటునుంచి "అబ్బా... అబ్బా..." అని వినిపించింది. నొప్పేమో అనుకున్నాను. ఆయన నవ్వుతున్నారు, కుట్లు పట్టుకుని.

"నవ్వించకే తల్లీ, లాగుతోంది. ఆకులు ఎండాయంటే గడ్డ ఊరిందన్నమాట. చలికాలం అది పడుకుంటుంది. ఎండాకనే కదా నేను తవ్వేది! ఇన్నేళ్లూ ఏం రుబ్బావు నువ్వు?"

ఫోన్ స్పీకర్లో ఉందన్న సంగతి, స్వప్న, కార్తీక్ ఇద్దరూ కిందికి చూస్తూ నవ్వు ఆపుకుంటుంటే గాని నాకు తెలియలేదు.

కార్తీక్ ముందు గోళేనికి నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీశాడు. తర్వాత ఆకులన్నీ పీకి వరసగా పేర్చారు. పునాదులు తవ్వే సీనుకి వాడిన గునపం ఉందని తెచ్చారు గాని, అది చెక్కది. చివరికి స్వప్న ఒక గరిటె సంపాదించింది, నేను చేత్తోనే దిగాను. పైన మట్టి గట్టిగా, నేను పోసిన నీళ్లకి జిగురుగా ఉంది. కొంచెం లోపలికి వెళ్లేసరికి వేళ్లకి ఏదో గుండ్రంగా తగిలింది. బయటికి లాగితే గడ్డ. దాని పక్కన ఇంకోటి. విరిచి వాసన చూశాను, ఏటా నా రోటి దగ్గర వచ్చే అదే వాసన, పచ్చి పసుపులా, కొంచెం కర్పూరంలా. అప్పుడు మాత్రం గట్టిగానే ఏడ్చాను. స్వప్న కూడా మట్టి చేత్తోనే కళ్లు తుడుచుకుని ముఖమంతా పులుముకుంది. మొక్క బతికే ఉందని తెలిసిన ఆనందంలో నేనే స్వప్న చేతికి గరిటె ఇచ్చి, "తవ్వు, ఇంకా ఉన్నాయి," అన్నాను.

సంచీ నిండింది. అంతకంటే గొప్ప సంగతి కార్తీక్ మాటల్లో బయటపడింది. సెట్ పడగొట్టినప్పుడు వట్టి కుండీలన్నిటినీ మట్టితో సహా లారీలో ఎత్తించేశారట. మాది ఆకులతో ఉంది కాబట్టి, కంటిన్యుటీది కాబట్టి, జాగ్రత్తగా దాచారట. ఆ అమ్మాయి భయపడి ప్లాస్టిక్ ఆకులు గుచ్చకపోతే మా గడ్డలు ఈపాటికి ఏ గుంటలోనో పూడిపోయి ఉండేవి. స్వప్నని దగ్గరికి తీసుకుని నుదుటి మీద ముద్దు పెట్టాను. దాని ముఖాన ఉన్న మట్టి నాకూ అంటింది.

ఆకులు తిరిగి గుచ్చడం అన్నిటికన్నా పెద్ద పని. మట్టి సర్దే పని నాది. కార్తీక్ ఫోన్‌లో ఫొటో చూస్తూ, "అమ్మా, ఆ రెండోది కొంచెం కుడికండీ... అంత కాదండీ... ఆ, అక్కడ ఫ్రీజ్!" అని చెబుతుంటే నేను వంగి గుచ్చాను. నా జీవితంలో ఒక సినిమాకి పనిచేసింది ఆ అరగంటే. ఒకసారి రీటేక్ కూడా అయింది.

మధ్యాహ్నం ముగ్గురం అక్కడి మెస్‌లో పప్పు, గోంగూర పచ్చడితో భోంచేశాం. నాలుగింటికి ఆటోలో చెక్‌పోస్ట్, అక్కణ్నుంచి మెట్రో. ఒళ్లో సంచీ, చీర నిండా మట్టి. ఎదురు సీట్లో ఆవిడ, "ఏం తీసుకెళ్తున్నారమ్మా, అల్లమా?" అనడిగింది. "అల్లానికి చుట్టం. అడవిలో ఉంటుంది. ప్రస్తుతం సినిమాల్లో వేస్తోంది," అన్నాను. ఆవిడ కొంచెం పక్కకి జరిగింది. అమీర్‌పేటలో సరైన రైలే ఎక్కాను. ఎర్రగడ్డలో ఆటోల కోసం చాలాసేపు నిలబడాల్సి వచ్చింది, సాయంత్రం వెళ్లేవారు ఇది గుర్తుంచుకోవాలి.

ఇల్లు చేరగానే గడ్డలు కడిగి, రుబ్బి, పిండి నీళ్లలో కలిపి గుడ్డలో వడకట్టాను. తేరుకున్న నీళ్లు వంచి మళ్లీ పోశాను. పొద్దున్నకి గిన్నె అడుగున తెల్లగా గట్టిగా పేరుకుని ఉంది. చెంచాడు తీసి పల్చగా జావ కాచి, చిటికెడు ఉప్పేసి ఆయనకి పట్టాను. సగం గ్లాసు తాగారు. నేను బేసిన్ పట్టుకుని పక్కనే కూర్చున్నాను. గోడ గడియారం తిరుగుతోంది, నా చెయ్యి బేసిన్ మీంచి కదల్లేదు. ఆయన మెల్లగా వెనక్కి వాలి, "మిగతా సగం ఏది?" అన్నారు.

ఫిలింనగర్ ఎలా ఉందని ఎవరైనా అడిగితే, గోడలు ఎత్తు, రోడ్లు వాలు, మనుషులు మంచివాళ్లు, సింహాసనాలు మాత్రం నమ్మదగినవి కావని చెబుతాను.

రెండో సగం కూడా తాగాక ఆయనకి అసలు విషయం గుర్తొచ్చింది. "సుగుణా, తవ్విన చోట ఒక గడ్డ తిరిగి పెట్టావా?"

"పెట్టానండీ. అన్నిటికంటే లావుగా ఉన్నదే పెట్టాను."

"ఎండలు ముదిరి నాలుగు చినుకులు పడితే ఆకు కంటే ముందు గులాబీ రంగు పువ్వు పొడుచుకొస్తుంది దానికి. ఇంతకీ ఎక్కడ పెట్టావు?"

"హీరోగారి ఎడమ పక్కన," అన్నాను.

ఆయన రెండు చేతులతో కుట్లు పట్టుకున్నారు.